ఎంజీబీ టాపు కవరు బిరుసుగా ఉంది, మూలల బటన్లు అందడం లేదు

అమలాపురం_రోడ్‌స్టర్

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో 1972 నాటి, టాపు మడిచే రెండు సీట్ల బ్రిటిష్ బండి ఎంజీబీ రోడ్‌స్టర్ ఒకటి ఉంది. ఇంజను, బ్రేకులు సవ్యంగానే ఉన్నాయి కనుక వాటి ప్రస్తావన తీసుకురాను. ఇబ్బంది అంతా టాపు కవరుతోనే. టాపును వెనక్కి మడిచాక ఆ మడత మీద కప్పి చుట్టూ బటన్లతో బిగించే నల్ల రెక్సిన్ కవరు పాతది చిరిగిపోవడంతో ఇంగ్లండు నుంచి కొత్తది తెప్పించాను. పెట్టెలో నాలుగు మడతలుగా వచ్చింది. విప్పితే అట్టముక్కలా నిలబడింది.

వెనక డెక్కు మీది బటన్లు అన్నీ పడుతున్నాయి. అక్కడి నుంచి పక్కలకు వచ్చేసరికి కుడి డోరు వెనక మూలలో ఉన్న చివరి బటను, బాడీ మీద దాన్ని పట్టుకునే స్టడ్డుకు దాదాపు రెండు వేళ్ళ వెడల్పు దూరంలో ఆగిపోతోంది. ఎడమవైపు అంతకన్నా కొంచెం నయం. బలంగా లాగితే కుట్టు వెంబడి సూది రంధ్రాలు తెరుచుకుని లోపలి తెల్ల గుడ్డ కనిపిస్తోంది, అందుకని లాగడం మానేశాను.

ఎండలో కాసేపు పరిస్తే మెత్తబడుతుందని విదేశీ వీడియోల్లో అందరూ చెబుతున్నారు. ఎండకు మనకేమీ కొదవ లేదు గాని, పాత కవరును తినేసింది ఆ ఎండే కదా అన్న అనుమానం పీకుతోంది. రెండో ప్రశ్న: బాడీ మీద ఉన్న మూల స్టడ్డును ఊడదీసి కాస్త వెనక్కి జరిపి బిగిస్తే ఎలా ఉంటుంది? ఈ పని చేసినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పగలరు.

భీమవరం_స్టార్మ్

నా దగ్గర ఉన్నది శాన్ స్టార్మ్, గోవాలో తయారైన రెండు సీట్ల బండి. దాని టాపు రెక్సిన్ కూడా ఇలాగే మొండికేస్తుంది. నేను హెయిర్ డ్రయ్యరుతో లోపలివైపు నుంచి వేడి పట్టించి, ఆ వెచ్చదనం ఉండగానే బటన్లు నొక్కేస్తాను. కొందరు కొబ్బరినూనె రాయమంటారు. కోనసీమలో ఉన్నారు కనుక మీకు దానికి లోటు లేదు, ఒకసారి చూడండి.

స్టడ్డు జరిపే ముందు మాత్రం బాగా ఆలోచించుకోండి. నా బండి బాడీ ఫైబరు కాబట్టి కొత్త రంధ్రం వేసిన చోట పెయింటులో సన్నటి పగుళ్ళు పాకాయి. మీది ఇనుప రేకు కనుక పగుళ్ళ బదులు తుప్పు వస్తుంది.

రాజమండ్రి_రెక్సిన్

అమలాపురం గారూ, ఎండ సంగతి, నూనె సంగతి తరువాత చూద్దాం. ముందు తేలవలసింది ఒక్కటే: కవరు పొట్టిగా ఉందా, లేక కవరు కింద ఉన్న మడత ఎత్తుగా ఉందా? చూడటానికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి, వైద్యం మాత్రం పూర్తిగా వేరు. మాది రాజమహేంద్రవరంలో సీటు కవర్ల దుకాణం. నాన్నగారి కాలంలో జీపు టాపులు, ఇప్పుడు ఎక్కువగా ఆటో టాపులు కుడుతున్నాము. "గుడ్డ చాలలేదు" అంటూ వచ్చే బండ్లలో చాలావాటికి గుడ్డ చాలుతుంది, టాపును మోసే ఇనుప కమ్మీ సరిగా కూర్చోదు, అంతే.

దర్జీలు వాడే గుడ్డ టేపు తీసుకోండి, ఇనుప టేపు వంపుల మీద సరిగా పడుకోదు. టాపు మడిచి ఉండగా వెనక డెక్కు నడిమధ్యనున్న స్టడ్డు నుంచి మడత మీదుగా కుడి మూల స్టడ్డు వరకు కొలవండి, ఎడమకూ అలాగే చేయండి. తరువాత ఇంట్లో ఎవరినైనా పిలిచి మడతను రెండు అరచేతులతో గట్టిగా అదిమి పట్టుకోమని చెప్పి మళ్ళీ కొలవండి. చివరగా కవరును నున్నటి నేల మీద పరిచి, నడిమి బటను కేంద్రం నుంచి మూల బటను కేంద్రం వరకు కొలవండి. అదిమినప్పుడూ వదిలినప్పుడూ వచ్చే తేడా మీరు చెప్పిన రెండు వేళ్ళకు దగ్గరగా ఉంటే దోషం కవరుది కాదు.

ఇంకొక సంగతి. కవరును తిరగేసి వెనక గుడ్డ చూడండి. బనియను గుడ్డ తరహా అల్లిక అయితే అది అడ్డంగా బాగా సాగుతుంది, నిలువునా తక్కువ. నేత గుడ్డ అయితే నిలువునా అడ్డంగా కూడా పెద్దగా సాగదు, ఐమూలగా లాగితేనే కొంత ఇస్తుంది. మూల బటను దగ్గర గుడ్డను రెండు వేళ్ళతో పట్టి ఒక్కొక్క దిక్కుకూ లాగి చూస్తే ఏ రకమో చేతికే తెలిసిపోతుంది.

సూది రంధ్రాలు తెరుచుకున్నాయని చూసి లాగడం ఆపారు, అది మంచి పని. రెక్సిన్‌లో సూది రంధ్రం ఒకసారి సాగితే మళ్ళీ మూసుకోదు, తరువాత వాన నీళ్ళు ఆ దారినే దిగుతాయి.

మీ బండి మీద ఉన్నవి ఏ రకం బటన్లు? ఆ కాలపు బ్రిటిష్ బండ్ల మీద మామూలు టిచ్ బటన్లతో పాటు లిఫ్ట్-ద-డాట్ అనేవి, టెనాక్స్ అనేవి కలగలిసి ఉంటాయి. లిఫ్ట్-ద-డాట్ మూడు వైపులా పట్టేసి, చుక్క గుర్తు ఉన్న నాలుగో వైపు నుంచి ఎత్తినప్పుడు మాత్రమే వదులుతుంది. టెనాక్స్‌కు నడిమి గుండును పైకి లాగాలి. వీటిని టిచ్ బటన్లు అనుకుని అంచు పట్టి లాగితే గుడ్డ చిరుగుతుంది గాని బటను ఊడదు.

కాకినాడ_పాలిమర్

రెక్సిన్ గారు చెప్పిన క్రమమే సరైనది. దానికి పదార్థం వైపు నుంచి కొంత చేర్చుతాను.

మనం రెక్సిన్ అనేది గుడ్డ మీద పూసిన పీవీసీ. ఏమీ కలపని పీవీసీ 80 డిగ్రీల దరిదాపుల వరకు గట్టి ప్లాస్టిక్కే, ఇంటి గోడల వెంట పోయే నీటి పైపులు అవే. అందులో ప్లాస్టిసైజర్ అనే చిక్కటి ద్రవాన్ని గణనీయమైన పాళ్ళలో కలిపితేనే అది గుడ్డలాగా వంగే పదార్థం అవుతుంది. కనుక ఒక రెక్సిన్ బిరుసెక్కిందంటే అది చల్లబడి అయినా ఉండాలి, లేదా దానిలోని ప్లాస్టిసైజర్ కొంత బయటకు పోయి అయినా ఉండాలి. మొదటిది వేడి తగిలితే పోతుంది, చల్లారితే తిరిగి వస్తుంది, పదార్థానికి దానివల్ల నష్టమేమీ లేదు. రెండోదాన్ని వేడి బాగుచేయలేదు. వేడిగా ఉన్నంతసేపు మెత్తబడినట్టే ఉంటుంది, ఈలోగా ఇంకొంచెం ప్లాస్టిసైజర్ ఆవిరైపోతుంది, చల్లారాక కవరు మునుపటికన్నా కురచ అవుతుంది. ఎండలో నిలిపిన కారు ముందు అద్దం లోపలివైపు ఒక జిడ్డు పొర పేరుకుంటుంది, తుడిచినా సరిగా పోదు. డ్యాష్‌బోర్డు నుంచి ఆవిరై అద్దం మీద చేరిన ప్లాస్టిసైజర్ అందులో చాలా భాగం.

విదేశీ వీడియోల సలహా మొదటి రకం బిరుసుకు సంబంధించినది. మన డెల్టాలో సంక్రాంతి మంచు పడే తెల్లవారుజామున కూడా రెక్సిన్ గడ్డకట్టేంత చలి ఉండదు. ఇక్కడ పాత కవర్లను పాడుచేసేది వేసవి. రోహిణి కార్తెలో నల్ల రెక్సిన్ మీద చెయ్యి పెట్టలేము, ఉపరితలం 70 డిగ్రీలు దాటగలదు. మీ పాత కవరు విషయంలో మీ అనుమానం నిజమే. కొత్త కవరులో మాత్రం ప్లాస్టిసైజర్ పూర్తిగా ఉంటుంది, దాని బిరుసు మందం వల్లా, చాలాకాలం మడతలో ఉండటం వల్లా వచ్చినది. కనుక దానికి ఒక మోస్తరు ఎండ మేలే చేస్తుంది.

కొబ్బరినూనె మాత్రం వద్దని నా మనవి. సోయా నూనెను రసాయనికంగా మార్చి తయారుచేసే ప్లాస్టిసైజర్లు ఉన్న మాట వాస్తవమే, కానీ వాటిని కర్మాగారంలో వేడిచేసి పీవీసీతో ఏకం చేస్తారు. వంటింటి నూనె పైన రాస్తే లోపలికి పోదు. పైనే ఉండి దుమ్ము పడుతుంది, మన తేమకు బూజు పడుతుంది. ట్రాక్టరు సీట్లను కిరసనాయిలుతో తుడిచే అలవాటు మన పల్లెల్లో ఉంది, అది ఇంకా చెడ్డది. కిరసనాయిలు, పెట్రోలు ప్లాస్టిసైజర్‌ను కరిగించి తమతో తీసుకుపోతాయి. సబ్బు నీళ్ళు, మెత్తటి గుడ్డ, ఆ తరువాత అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే నీటి ఆధారిత పూత చాలు.

తణుకు_గ్యారేజి

హెయిర్ డ్రయ్యరు పట్టుకుని ఎంతసేపని నిలబడతారండి? మా గ్యారేజీలో స్టిక్కర్లు తీసే హీట్ గన్ ఉంది. దానితో నిమిషంలో మెత్తబడుతుంది. దూరం పాటిస్తే ఏమీ కాదు.

కాకినాడ_పాలిమర్

తణుకు గారూ, హీట్ గన్ మూతి దగ్గర గాలి కొన్ని వందల డిగ్రీల వేడితో వస్తుంది. మీ చెయ్యి తిరిగిన చెయ్యి కావచ్చు, మొదటిసారి చేసేవారికి ఆ దూరం తెలియదు. ఒక్క క్షణం ఒకేచోట ఆగినా రెక్సిన్ మీది తోలు గీతలు చెరిగి నున్నటి మెరిసే మచ్చ పడుతుంది. అది జన్మలో పోదు. ఇంకా వేడెక్కితే పీవీసీ విచ్ఛిన్నమై హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వదులుతుంది. ముక్కుకు ఘాటు తగిలిందంటే అప్పటికే పని చెడింది.

తణుకు_గ్యారేజి

మచ్చ మాట ఒప్పుకుంటాను. నేను లోపలి గుడ్డ వైపు నుంచే పట్టిస్తాను, ఇంతవరకు ఏ బండీ వెనక్కి రాలేదు.

లీసెస్టర్_పాలకొల్లు

మాది పాలకొల్లు. ఉద్యోగరీత్యా ఇంగ్లండులో లీసెస్టర్‌లో ఉంటున్నాను. నా దగ్గర మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5 ఉంది, 1989లో మొదలైన ఆ పాత ఆకారపు బండి. ఇక్కడివారు ఎండలో పెట్టమని ఎందుకంటారో అనుభవం మీద చెప్పగలను. ఇక్కడ ఏప్రిల్‌లో మొదటి ఎండ రాగానే అందరూ టాపు దించుతారు. అప్పటిదాకా కవరు చలి పట్టిన గ్యారేజీలో పడి ఉంటుంది. దాన్ని తెచ్చి తిన్నగా బిగించబోతే ఒక్క బటనూ అందదు. ఇంట్లో రేడియేటర్ పక్కన పెట్టిగాని, కారు బానెట్ మీద ఎండకు పరిచిగాని వెచ్చబరిచాక తీసుకువెళితే మామూలుగా పడుతుంది. ఇక్కడి ఎండ మీ ఎండ కాదు, మధ్యాహ్నమంతా పరిచినా కవరు పాడవదు. అదే సలహాను అమలాపురంలో మే నెల మధ్యాహ్నానికి వర్తింపజేస్తే ఏమవుతుందో పై వ్యాసంలో కాకినాడ గారు చెప్పారు.

మడత ఎత్తు గురించి రెక్సిన్ గారన్నది నూటికి నూరు పాళ్ళు నిజం. నా బండిలో వెనక ప్లాస్టిక్ కిటికీ జిప్పును ముందే విప్పి, కిటికీని పడుకోబెట్టిన తరువాతే టాపు దించాలి. ఆ పని మరిచి దించితే కిటికీకి గీత పడుతుంది, మడత కూడా ఉబ్బుతుంది. హోండా ఎస్2000 ఉన్న మిత్రుడొకరు ఇక్కడ ఉన్నారు. దాని టాపును మోటారు క్షణాల్లో మడిచేస్తుంది, కవరును మాత్రం చేత్తోనే బిగించుకోవాలి. కవరు మహా బిరుసు. ఆయన దాన్ని గ్యారేజీ గోడకు తగిలించి ఉంచేసి, టాపు దించినా కవరు లేకుండానే తిరుగుతుంటారు.

అమలాపురం_రోడ్‌స్టర్

అందరికీ ధన్యవాదాలు. రెక్సిన్ గారు చెప్పినట్టే కొలిచాను.

కుడివైపు మడత మీదుగా 88 సెంటీమీటర్లు, అదిమి పట్టుకుంటే 85.5. ఎడమవైపు 87.5, అదిమితే 85. కవరు రెండు వైపులా 84.5 ఉంది. అంటే కుడివైపు లోటు మూడున్నర సెంటీమీటర్లయితే అందులో రెండున్నర మడతదే, కవరుది ఒక్కటే. ఎడమవైపు కవరుది అర సెంటీమీటరు మాత్రమే.

వెనక గుడ్డ అల్లిక రకం. మూల దగ్గర అడ్డంగా సాగుతోంది, ముందుకూ వెనక్కూ అంతగా లేదు. వెనక డెక్కు మీద లిఫ్ట్-ద-డాట్, పక్కల టెనాక్స్ ఉన్నాయి.

మడత ఎత్తు ఎందుకుందో నాకు అంతుపట్టడం లేదు. లాచీలు విప్పి, టాపును వెనక్కి నెట్టి, అదిమి కూర్చోబెడుతున్నాను. సీట్ల వెనక షెల్ఫు మీద వాన నీటికి అడ్డుగా ఒక రబ్బరు మ్యాటు పరిచి ఉంది. అది కాక అడ్డమేమీ కనిపించలేదు.

రాజమండ్రి_రెక్సిన్

అడ్డమేమిటో మీరే చెప్పేశారు, ఆ మ్యాటు తీయండి. ఆ బండిలో షెల్ఫు కింద రెండు ఆరు వోల్టుల బ్యాటరీలు ఉంటాయి. వాటి మూత సరిగా బిగియక కొంచెం లేచి ఉన్నా, దాని మీద మందపాటి మ్యాటు పడినా మడత మొత్తం అంత పైకి వస్తుంది. మూత మరలు చూసుకుని, షెల్ఫు మీద పలచని కార్పెట్ మాత్రం ఉంచండి.

ఇక మడిచే తీరు. వెనక్కి నెట్టి అదమడం అన్నారు, చాలామంది చేసేది అదే. అలా చేస్తే గుడ్డ కమ్మీల కీళ్ళ మధ్యకు జారి ముద్దగా ఇరుక్కుంటుంది. ఆ ముద్ద మీద కమ్మీ కూర్చుంటుంది కనుక ఎంత అదిమినా వేలెడు ఎత్తు మిగిలిపోతుంది, పైగా అదిమిన ప్రతిసారీ కీలు గుడ్డను నములుతుంది. ముందు లాచీలు విప్పి టాపు ముందు అంచును జానెడు మాత్రం ఎత్తండి, అక్కడితో బిగువు పోతుంది. వెనకవైపు బిగింపులు విప్పి, కిటికీ ఉన్న వెనక భాగాన్ని డిక్కీ మూత మీదికి పూర్తిగా పరవండి. అప్పుడు కమ్మీలను నెమ్మదిగా వెనక్కి దించుతూ, ప్రతి రెండు కమ్మీల మధ్య నుంచీ గుడ్డను చేత్తో వెనక్కి లాగుతూ ఉండండి. ఈ పనికి ఇద్దరుంటే హాయి. కమ్మీలన్నీ ఒకదానిపై ఒకటి ఇనుము ఇనుముకు తగిలేలా కూర్చున్నాక, డిక్కీ మీదున్న గుడ్డకు రెండు పక్కల చెవులనూ లోపలికి మడిచి, కిటికీని దాని సహజమైన వంపులోనే తిప్పి కమ్మీల పైన పడుకోబెట్టండి. వేళ్ళు కమ్మీల మధ్యలో పెట్టవద్దని వేరే చెప్పనక్కరలేదనుకుంటాను.

అప్పటికీ కుడివైపు ఒక సెంటీమీటరు లోటు ఉంటుంది. అది వెచ్చదనంతో పోయే లోటే. పొద్దున తొమ్మిది, పది గంటల ఎండలో డాబా మీద దుప్పటి పరిచి, దాని మీద కవరును నలుపు పైకి ఉండేలా పరవండి. చేతికి వెచ్చగా తగిలితే చాలు, కాలేదాకా ఉంచవద్దు. వెంటనే తెచ్చి వెనక నడిమి బటనుతో మొదలుపెట్టి కుడి ఒకటి, ఎడమ ఒకటి చొప్పున బయటికి రండి. ఒక వైపంతా పూర్తిచేసి రెండోవైపుకు వెళితే సాగుడంతా చివరి మూల మీద పడుతుంది, మీ కుడివైపు తేడాలో కొంత అందువల్ల కూడా కావచ్చు. మూల దగ్గర ముందుకు లాగవద్దు, ఆ దిక్కుకు గుడ్డ సాగదని మీరే చూశారు. బటనుకు వెనక నాలుగు వేళ్ళ దూరంలో అరచెయ్యి పెట్టి గుడ్డను ముందుకు తోసుకుంటూ వస్తే బటను తనంతట స్టడ్డు మీదికి వస్తుంది. అప్పుడు నిలువుగా నొక్కండి.

భీమవరం_స్టార్మ్

ఒక సెంటీమీటరు కోసం ఇంత శ్రమ ఎందుకు, స్టడ్డునే ఆ మేరకు జరిపితే పోదా అని తణుకు గారు నాకు విడిగా రాశారు. ఆయన అనుమతితో ఇక్కడ పెడుతున్నాను.

తణుకు_గ్యారేజి

అవునండి, నా అభిప్రాయం అదే. పాత రంధ్రాన్ని పుట్టీతో మూసి, కొత్త రంధ్రం అంచులకు ప్రైమరు పూసి, స్టెయిన్‌లెస్ మర వేస్తే తుప్పు ఎక్కడి నుంచి వస్తుంది? గుడ్డను సాగదీసి బిగిస్తే ఆ బిగువు రోజూ కుట్టు మీద ఉంటుంది. అది మంచిదా?

రాజమండ్రి_రెక్సిన్

బిగువు మాట న్యాయమైనదే. కానీ ఆ మూల స్టడ్డును ఈ కవరు ఒక్కటే వాడుకుంటుందా అని చూడాలి. టాపు లేపినప్పుడు టాపు అంచుగాని, బండి నిలిపినప్పుడు సీట్లన్నిటినీ కప్పే పెద్ద కవరుగాని అదే స్టడ్డు మీద పడుతుంటే, దీనికోసం జరిపితే వాటికి ఒక సెంటీమీటరు వదులు వస్తుంది. వదులు గుడ్డ గాలికి కొట్టుకుంటుంది. పైగా కవరు నాలుగు వేసవులు చూశాక మరికొంత కురచవుతుంది, అప్పుడు మళ్ళీ జరుపుతారా? బాడీని ముట్టుకోకుండా కవరు మూలకే రెండు పొరల రెక్సిన్‌తో చిన్న చెవి కుట్టి, వెనక పట్టీ వేసి, బటనును దాని మీదికి మార్చవచ్చు. మళ్ళీ వద్దనుకుంటే విప్పేయవచ్చు. నేనైతే అది కూడా వెచ్చబరిచి చూశాక, తప్పకపోతేనే చేస్తాను.

తణుకు_గ్యారేజి

చెవి కుడితే చూడటానికి అతుకులా ఉంటుంది. పాత బండ్లవాళ్ళు దానికి ఒప్పుకోరు. నా మాట మీద నేనున్నాను.

నరసాపురం_తీరం

కవరు ఎలాగూ పడుతుందనిపిస్తోంది కనుక తరువాతి సంగతి ఒకటి. మాది సముద్రానికి దగ్గర. అంతర్వేది వైపు సాయంత్రం ఒకసారి తిరిగివస్తే చాలు, ఉప్పు గాలికి ఇత్తడి బటన్ల లోపల పచ్చటి చిలుము పడుతుంది, పూత పోయిన ఇనుప బటన్లయితే తుప్పుతో స్టడ్డును పట్టేసుకుంటాయి. ఇలా పట్టేసిన బటనును ఊడదీయబోయే చాలా కవర్లు చిరిగిపోతాయి. మంచినీళ్ళతో తడిపిన గుడ్డతో స్టడ్లు తుడిచి, ఆరాక కొవ్వొత్తి ముక్కను ఒక్కొక్క స్టడ్డు తలమీద రుద్దండి. మైనం బటను లోపల పలచగా అంటుకుని నొక్కడం, ఊడదీయడం రెండూ సుళువవుతాయి. గ్రీజు, వేజలీన్ వాడితే అవి రెక్సిన్ మీదికి పాకుతాయి.

రెండోది బూజు. టాపు తడిగా ఉండగా మడిచి పైన కవరు బిగిస్తే వానాకాలంలో లోపల గాలి ఆడదు. కొద్ది రోజుల్లోనే టాపు లోపలి గుడ్డ మీద నల్ల చుక్కలు లేస్తాయి, అవి ఉతికినా పోవు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలంలో టాపును లేపి ఉంచి, కవరును ఇంట్లో వెడల్పాటి గొట్టానికి చుట్టి పెట్టడం మేలు. మడిచి పెడితే మడత గీత దగ్గరే మొదట పగులుతుంది.

అమలాపురం_రోడ్‌స్టర్

కవరు పడింది. మ్యాటు తీసేసి, బ్యాటరీ మూత మరలు బిగించాను. మూత నిజంగానే ఒక పక్క లేచి ఉంది. మా బావమరిది సాయం పట్టగా గుడ్డను కమ్మీల మధ్య నుంచి లాగుతూ మడిచాము. కుడివైపు రెండో కీలు దగ్గర ఒక పిడికెడు గుడ్డ ముద్దగా ఇరుక్కుని, దాని మీద కీలు అచ్చు స్పష్టంగా పడి ఉంది. ఆ ముద్ద బయటికి రాగానే కమ్మీలు టక్కున కిందికి దిగాయి. కవరును పొద్దుటి ఎండలో వెచ్చబరిచి, నడిమి నుంచి అటొకటి ఇటొకటి చొప్పున బిగించుకొచ్చాను. ఎడమ మూల సునాయాసంగా పడింది. కుడి మూల అరచేత్తో తోస్తే పడింది గాని, టెనాక్స్ నుంచి వెనక్కి ఒక సన్నటి ముడత ఐమూలగా నిలిచి ఉంది. స్టడ్డు జరపలేదు, చెవి కుట్టించలేదు.

ఇక నా దగ్గర మిగిలిన ప్రశ్న కిటికీ గురించి. మడతలో ప్లాస్టిక్ కిటికీ గీతలు పడకుండా లోపల తుండుగుడ్డ వేశాను. సాయంత్రం విప్పి చూస్తే కిటికీ మీద తుండు నూలు అచ్చు మసకగా కనిపించింది. అది పోతుందా?

లీసెస్టర్_పాలకొల్లు

ఆ కిటికీ కూడా మెత్తటి పీవీసీయే. నల్ల కవరు కింద వేడెక్కి మెత్తబడినప్పుడు దేని మీద అదిమి ఉంటే దాని అచ్చు తీసుకుంటుంది. ఇక్కడి చలిలో అందరూ తువ్వాలే వేస్తారు, ఈ బాధ రాదు. మీరు నూలు బుడిపెలు లేని నున్నటి గుడ్డ, పాత పంచె వంటిది, కిటికీకి రెండు వైపులా వేయండి. పడిన అచ్చు మసకగా ఉందంటున్నారు కనుక టాపు లేపి, బిగువుగా బిగించి, ఎండలో ఉంచితే చాలావరకు తేరుకుంటుంది. ఇస్త్రీపెట్టె జోలికి పోవద్దు. మధ్యాహ్నం బండిని ఎండలో నిలిపేటప్పుడు టాపు మడిచి ఉంచకపోవడం అన్నిటికన్నా మంచిది.

రాజమండ్రి_రెక్సిన్

ఆ ముడతను పట్టించుకోకండి. కవరును వరుసగా కొన్ని పూటలు బిగించి ఉంచితే గుడ్డ మడతకు అలవాటుపడి అదే సర్దుకుంటుంది. అది నిలువు ముడత అయితే గుడ్డ ఎక్కువైందని అర్థం, ఐమూల ముడత బిగువు వల్ల వచ్చేది. ఊడదీసేటప్పుడు బిగించిన క్రమానికి తిరగేసి రండి, బిగువంతా ఉన్న కుడి మూల టెనాక్స్‌ను ముందు విప్పండి, వెనక నడిమిది చివరన. మొదటిసారి 216 జాతీయ రహదారి ఎక్కినప్పుడు ముమ్మిడివరం వైపు కొంత దూరం పోయి, పక్కకు ఆపి రెండు మూలలనూ తడిమి చూడండి. గాలి ముందు అంచు కిందికి దూరి కవరును ఉబ్బిస్తే మొదట వదిలేది ఆ మూలలే. వదిలిన మూల బటను పెయింటు మీద కొట్టుకుంటూ నిమిషాల్లో రంగు లేపేస్తుంది. ముందు అంచును సీట్ల వెనక షెల్ఫు కార్పెట్ కిందికి కొంచెం దోపుకుంటే గాలి దూరదు.

అమలాపురం_రోడ్‌స్టర్

అలాగేనండి. ఆదివారం యానాం దాకా వెళ్ళే పని ఉంది, దారిలో ఆపి చూసుకుంటాను. పంచె గుడ్డ రెండు ముక్కలు చింపి సిద్ధం చేశాను.